సూద్దాం డబ్బా

నాకు కోపం ఎక్కువ. ముందే చెప్పేస్తే మంచిది. మామూలుగా "నేను" అంటాను, పాఠం చెప్పే మనిషిని కదా. కోపమొస్తే మాత్రం అది "నాను" అయిపోతుంది. మా ఆయన దాన్ని బట్టే పసిగడతాడు. "నాను వచ్చీసిందిరా నాయనా" అని చెప్పులేసుకుని వీధిలోకి పోతాడు. అలాంటిదాన్ని రెండేళ్ళకి పైగా నోరు కుట్టుకుని ఒక గదిలో పడి ఉన్నానంటే, ఇప్పుడు తలుచుకుంటే నాకే నమ్మబుద్ధి కాదు.

ఆ గది దువ్వాడ స్టేషన్ రోడ్డులో, టైర్ల కొట్టు పైన రెండో అంతస్తులో ఉండేది. పది కంప్యూటర్లు, పనిచేసేవి ఏడు. ఏసీ ఉంది కాబట్టి కిటికీలు తెరవకూడదు. కరెంటు బిల్లు వస్తుంది కాబట్టి ఏసీ వెయ్యకూడదు. స్టీల్ ప్లాంటు వైపు నుంచి వచ్చే నల్లదుమ్ము మూసిన కిటికీల్లోంచి ఎలా దూరేదో మరి, పొద్దున్నే కీబోర్డులు తుడిస్తే గుడ్డ మసిగుడ్డ అయిపోయేది. గోడ మూలన కెమెరా. ఉత్త కెమెరా కాదు, మాట్లాడే కెమెరా. ఆ సంస్థ పెట్టిన సారు ఇంట్లో కూర్చుని ఫోన్లో మమ్మల్ని చూస్తుండేవారు. రెండు నిమిషాలు కుర్చీలో వెనక్కి వాలితే చాలు, "ఏమ్మా మేడమ్ గారూ, ఒంట్లో బాలేదా?" అని మూలలోంచి గొంతు వచ్చేది. మా అత్తగారు కూడా నన్ను అంత శ్రద్ధగా చూడలేదు.

అక్కడ నేర్పేది వీడియో గేములు చెయ్యడం. "ఏ చదువైనా సరే, ఏ వయసైనా సరే. మూడు నెలల్లో మీ గేమ్ మీరే చెయ్యండి. ఉద్యోగం గ్యారంటీ" అని కరపత్రాలు పంచేవారు. ఆ గ్యారంటీ మాటని సారు పెద్ద అక్షరాల్లో వేయించారు. నేను చేరాక ఎన్ని బ్యాచ్‌లు వచ్చి వెళ్ళాయో, ఆ ఉద్యోగం ఎవరికీ రావడం నేను చూడలేదు. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా సారే నేర్పారు. "చూద్దాం, వస్తుంది అనండమ్మా. ఆశ పోగొట్టకూడదు."

మరి తెలిసీ ఎందుకున్నావే అంటారా? నా కాగితాలు ఆయన దగ్గర ఉన్నాయి. పదో తరగతి మెమో నుంచి డిగ్రీ పట్టా దాకా, ఒరిజినల్స్ అన్నీ. ప్రైవేటు ఉద్యోగాల్లో ఇది మామూలే అన్నారు, చేరిన రోజే ఇప్పించుకుని ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టి, ఆయన కేబిన్‌లో బీరువాలో పెట్టేశారు. "మీ ఇంట్లో కంటే ఇక్కడ భద్రంగా ఉంటాయమ్మా. రెండేళ్ళు చేశారంటే మీవి మీకే." రెండేళ్ళు అయ్యాయి. వెళ్ళి అడిగాను. ఆయన కాదనలేదు. ఏ రోజూ కాదనలేదు, అదే కదా బాధ. "చూద్దామమ్మా" అనేవారు. చల్లగా, నవ్వుతూ, టీ తాగుతారా అని కూడా అడిగి. కాదంటే పోట్లాడేదాన్ని. తిడితే తిట్టేదాన్ని. చూద్దామన్నవాడి మీద ఏమని పడతాం? మెట్లు దిగి టైర్ల రబ్బరు వాసనలోంచి బయటపడేదాన్ని. పొద్దున్నే మళ్ళీ ఆ మెట్లే ఎక్కాలి కదా అని తలుచుకుంటే ఊపిరాడేది కాదు.

అలాంటి రోజుల్లో వచ్చింది ఆ బ్యాచ్. పొద్దున్న ఏడు గంటల క్లాసు, అందరూ పనులు చేసుకునే పెద్దవాళ్ళు, ఏడుగురు. అందులో ఒకాయన ఆటో నడిపేవాడు, మగవాళ్ళందరినీ బావా అనేవాడు. ఒకావిడ ఆటోనగర్‌లో నట్లు బోల్టులు చేసే చిన్న ఫ్యాక్టరీలో పనిచేసేది, మధ్యాహ్నం రెండింటి షిఫ్టు. నాకంటే పదేళ్ళు పెద్దది. నేను అప్పా అనేదాన్ని, మా వైపు అక్కని అలాగే అంటాం, ఇక్కడా అప్ప అనే రాస్తాను. మొదటి రోజు అందరినీ ఎందుకు చేరారని అడిగాను. మిగతావాళ్ళు ఏవేవో చెప్పారు. అప్ప మాత్రం, "కుర్చీ ఉన్న పని కావాల మేడం" అంది. అర్థం కాక చూస్తే, చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి కాళ్ళు చూపించింది. మోకాళ్ళ కింద నుంచి వాచిపోయి ఉన్నాయి. "ఎనిమిది గంటలూ నిలబడే. కూకుంటే సూపర్వైజరు ఒప్పడు. కంప్యూటర్ పనంటే కుర్చీ ఉంటాది గదా." ఆవిడ కంప్యూటర్ ముందు ఆ కుర్చీలో కూర్చున్న తీరు నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. ముందు చేత్తో తడిమి చూసి, తర్వాత కూర్చుంది.

మొదటి వారం నేర్పేది ఒక్కటే. గేమ్‌లో మనం రాసే స్క్రిప్టుకి, అంటే కంప్యూటర్‌కిచ్చే ఆదేశాలకి, వంకర మాటలు తెలీవు, దానికి కావాల్సింది అవునా, కాదా. ట్రూ, ఫాల్స్ అంటారు. నేను మొదట్లో నిజం, అబద్ధం అని చెప్పేదాన్ని. ఆటో ఆయన అడ్డుపడ్డాడు. "గేటు మూసుంటే అబద్ధం ఎలగవుతాది మేడం? మూసుంది, అంతే గదా. అదేటి పాపం సేసింది?" సరేనయ్యా అని అప్పట్నుంచి అవును, కాదు అనే చెప్పాను. ఒక డబ్బా ఉందనుకోండి. దాని మీద "పాస్ ఉందా" అని పేరు రాయండి. లోపల అవును పెట్టండి, లేకపోతే కాదు పెట్టండి. రెండూ పెట్టకూడదు. గేమ్‌లో తలుపు తెరుచుకోవాలన్నా, మనిషి గెంతాలన్నా, ఆట అయిపోవాలన్నా వెనకాల ఇలాంటి డబ్బాలే ఉంటాయి.

తర్వాత ఒక చిన్న గేమ్ ఇచ్చాను. పోర్టు గేటు. లారీ వస్తుంది, గేటు దగ్గర ఆగుతుంది. పాస్ ఉంటే గేటు తెరుచుకోవాలి. పాస్ లేకపోతే ఏం జరగాలో ముందు పుస్తకంలో మీ మాటల్లో రాయండి, తర్వాత స్క్రిప్టు చేద్దాం అన్నాను. ఇంతకంటే తేలికైన లెక్క లేదు. పుస్తకాలు తీసుకుని చూద్దును కదా, నా తల తిరిగిపోయింది. ఒకరు "కాసేపు ఉండమనాలి" అని రాశారు. ఇంకొకరు "లోపల అడిగి చెప్తామనాలి." ఆటో ఆయన "పక్కన పెట్టుకో బావా, సారు వత్తారు." ఇద్దరైతే ముక్కుసూటిగా "చూద్దాం అనాలి" అనే రాసేశారు. ఏడు పుస్తకాల్లో ఒక్కటంటే ఒక్క దాంట్లో కూడా "గేటు తెరవకూడదు, లారీని వెనక్కి పంపెయ్యాలి" అని లేదు.

"ఇదేటిది? పాస్ లేదు గదా, లేదని ఎందుకు సెప్పరు?" అని అరిచాను. ఎప్పుడు నా భాష మారిపోయిందో నాకే తెలీలేదు.

అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి అప్పే అంది. "మొకం మీద కాదని ఎలగ సెప్తాం మేడం? పాపం, ఎక్కడి నుంచో లోడేసుకొచ్చాడు."

కోపం ఎటు పోయిందో, పకపకా నవ్వేశాను. సరే, మీరు రాసిందే స్క్రిప్టు చేద్దాం రండి అన్నాను. "పాస్ ఉందా" డబ్బా పక్కన "చూద్దాం" అని ఇంకో డబ్బా పెట్టించాను, అందులో అవును వేయించాను. నడిపించాం. లారీ వచ్చింది. గేటు దగ్గర ఆగింది. తెరుచుకోదు, పొమ్మనదు. లారీ అక్కడే నిలబడి ఊగుతోంది. వెనకాల రెండో లారీ వచ్చి ఆగింది. దాని వెనకాల మూడోది. కాసేపటికి స్క్రీను ఈ కొస నుంచి ఆ కొస దాకా లారీలే.

"ఓలమ్మో, కాన్వెంట్ జంక్షనైపోనాది!" అన్నాడు ఆటో ఆయన. పోర్టు లారీలు ఎప్పుడూ ఇరుక్కుపోయే చోటది.

"ఇప్పుడు ఏం చెయ్యాలి?" అన్నాను.

"హారన్ కొట్టిద్దామా మేడం?" అన్నారెవరో. ఆ రోజు నవ్వలేక చచ్చాం. మూలలోంచి సారు గొంతు కూడా వచ్చింది, "ఏమ్మా, ఏంటా గోల" అని.

నవ్వులన్నీ సద్దుమణిగాక అప్ప చెయ్యెత్తింది. "మేడం, నాను రోజూ సేసేది ఇదే గదా. మా దగ్గర గేజ్ ఉంటాది." అని పెన్ను తీసి చూపిస్తూ చెప్పింది. ఆ గేజ్‌కి రెండు కొసలట. ఒక కొస నట్టులోకి దూరాలి, రెండో కొస దూరకూడదు. ఆ రెండూ సరిగ్గా జరిగితే నట్టు పచ్చ డబ్బాలోకి. లేకపోతే ఎర్ర డబ్బాలోకి. పొద్దస్తమానం అదే పని. "అవును, కాదు. ఇంకేటీ లేదు."

"అయితే మీ దగ్గర సూద్దాం లేదన్నమాట" అన్నాడు ఆటో ఆయన.

"ఎందుకు లేదు! పసుపు డబ్బా ఉంది. అనుమానమొచ్చిన నట్లన్నీ అందులో పడెయ్యమంటారు. సూపర్వైజరొచ్చి సూత్తాడంట. ఆడోళ్ళమందరం దాన్ని సూద్దాం డబ్బా అంటాం. ఒక్క రోజూ ఎవులూ సూళ్ళేదు. అడుగునున్నవి తుప్పట్టిపోనాయి."

మళ్ళీ అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కేబిన్ అద్దంలోంచి ఆ బీరువా కనిపిస్తోంది.  బోర్డు మీద పెద్దక్షరాలతో రాశాను: డబ్బాలో అవును ఉండాలి, లేదా కాదు ఉండాలి. చూద్దాం అనే విలువ లేదు. "ఇది రాసుకోండి. పరీక్షలో అడుగుతాను" అన్నాను, పరీక్ష లేకపోయినా.

ఆ తర్వాత రెండున్నర నెలలు బాగానే గడిచాయి. గది అదే, దుమ్మూ అదే, కెమెరా అదే, కానీ పొద్దున్న ఏడింటి నుంచి ఎనిమిదిన్నర దాకా మాత్రం నాకు గాలాడేది. అప్ప అందరికంటే ముందుండేది. స్క్రిప్టులో తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించేది. నట్టు పట్టుకున్నట్టు పట్టేసేది. మిగతావాళ్ళు స్క్రీను మీద బొమ్మలు అందంగా వచ్చాయా లేదా అని చూసుకుంటుంటే, ఆవిడ "ఈ డబ్బాలో 'కాదు' ఎవరేసినారు?" అని వెతుక్కునేది.

అంతలో నాకొక దారి కనిపించింది. తగరపువలసలో ఒక బడివాళ్ళు కంప్యూటర్ టీచరు కావాలన్నారు. వెళ్ళి పాఠం చెప్పి చూపించాను, నచ్చింది. దువ్వాడ నుంచి తగరపువలస అంటే ఊరు ఈ చివర నుంచి ఆ చివరకి, రోజూ రెండు బస్సులు మారాలి. మారతాను, పదైనా మారతాను అనుకున్నాను. ఒకటే మెలిక. శనివారం లోపల ఒరిజినల్స్ తెచ్చి చూపించాలి, లేకపోతే వేరేవాళ్ళని తీసుకుంటారు. సోమవారం సారుని అడిగాను. చూద్దామమ్మా. మంగళవారం అడిగాను. "బ్యాచ్ చివర్లో ఉంది కదమ్మా, అయిపోనివ్వండి, చూద్దాం." అంటే నేను మంచిగా ఉంటే ఇస్తారు. మంచిగా ఉండాలి. ఈ నాలుగు రోజులు నోరు జారకూడదు. ఇంటికెళ్ళి మా ఆయనతో అదే చెప్పాను. "నువ్వా? నాలుగు రోజులా?" అన్నాడు. ఏం చెయ్యను, పీకల మీదకి వచ్చింది కదా.

బుధవారం క్లాసు అయ్యాక అందరూ వెళ్ళిపోయారు, అప్ప ఉండిపోయింది. సంచీ భుజానికేసుకుని నా బల్ల దగ్గరకొచ్చింది.

"మేడం, ఒక మాట. సారు వచ్చే నెల నుంచి ఉద్యోగం అన్నారు. గేములు ఆడి తప్పులు పట్టే పనంట, హైదరాబాదోళ్ళ కంపినీ అంట, ఇక్కడే కూకుని సెయ్యొచ్చంట. మా సూపర్వైజరేమో, మానేత్తే ఇప్పుడే సెప్పు, శనివారం ఇంకో మనిషిని ఎట్టుకుంటానంటన్నాడు. ఆ ఇంకో మనిషి గేటు దగ్గర రోజూ నిలబడతంది. మీరు సెప్పండి. మానీమంటారా?"

ఇంత సూటి ప్రశ్న నన్నెవరూ అడగలేదు. దానికి జవాబు కూడా ఒక్క ముక్కే. వద్దప్పా, ఆ ఉద్యోగం లేదు. నాలుక చివర ఉంది. తల ఎత్తితే ఎదురుగా మూలన కెమెరా, దాని ఎర్ర చుక్క. వింటుంటారు. ఇప్పుడు ఈ మాటంటే నా ఫైలు ఇంక రాదు. శనివారం పోతుంది, తగరపువలస పోతుంది, ఈ గదిలోనే నా జుట్టు నెరిసిపోతుంది. ఇదంతా ఒక్క క్షణంలో తిరిగిపోయింది బుర్రలో. 

"చూద్దాం అప్పా" అన్నాను.

ఆవిడ నవ్వింది. "అది లేదన్నారు గదా మేడం?"

నేనూ నవ్వాను. సిగ్గు లేకుండా నవ్వాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, సరే మేడం అని మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆవిడ చెప్పుల చప్పుడు కింద టైర్ల కొట్టు దాకా వినిపించింది. పిలవచ్చు. కెమెరా లేని చోట, మెట్ల మీద ఆపి చెప్పచ్చు. శుక్రవారం చెబుదాంలే, ఇంకా టైముంది కదా, శనివారం కదా అనుకున్నాను. ఆ రోజంతా అన్నం సహించలేదు.

గురువారం అప్ప రాలేదు. షిఫ్టు మారిందేమో అనుకున్నాను.

శుక్రవారం అందరూ తమ గేములు చూపించే రోజు. అప్ప అందరికంటే ముందొచ్చి కూర్చుంది, ఉతికిన చీర కట్టుకుని. ఆవిడ వంతు వచ్చినప్పుడు పోర్టు గేటు గేమే పెట్టింది, కానీ అది మొదట్లో చేసిన గేటు కాదు. లారీ వచ్చింది. పాస్ లేదు. గేటు మీద బోర్డు వెలిగింది: "లేదు. వెళ్ళిపో." లారీ వెనక్కి తిరిగింది. తిరిగి, స్క్రీను కింద నుంచి ఆవిడ గీసిన ఇంకో రోడ్డు పట్టుకుని, కొండ చుట్టూ తిరిగి, వేరే గేటు దగ్గర పాస్ తీసుకుని లోపలికి పోయింది. వెనకాల లారీలు ఒక్కటీ ఆగలేదు.

"ఆ రోడ్డెందుకు గీశారప్పా? నేను అడగలేదు కదా" అన్నాను.

"కాదన్నామనుకోండి, ఇంకో దారి సూసుకుంటాడు మేడం. నిలబెట్టీడమే పాపం."

 ఇప్పుడు చెప్పెయ్యాలి, ఈ క్లాసు అయ్యేలోపే చెప్పెయ్యాలి అనుకున్నాను. "అప్పా, మీరు క్లాసు అయ్యాక ఉండండి, మీ షిఫ్టుకి టైముంది కదా" అన్నాను.

"షిఫ్టెక్కడిది మేడం, ఇంక ఖాళీయే గదా. నిన్న సెప్పీసాను."

"ఏటి సెప్పీసావు?"

"మానేత్తన్నానని. నిన్న మా సూపర్వైజరు పొద్దున్నే రమ్మన్నాడు, అందుకే క్లాసుకి రాలేదు. కాగితం మీద సంతకం ఎట్టీసాను. ఆ గేటు కాడ మనిషిని రేపు లోపలికి తీసుకుంటారు."

"నాను సెప్పలేదు గదా! మానీమని నాను సెప్పలేదు గదా!"

ఆవిడ బిత్తరపోయింది. "కాదని కూడా అన్లేదు గదా మేడం" అంది.

ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కోపంగా అనలేదు. స్క్రిప్టులో తప్పు చూపించేటప్పుడు ఎంత మామూలుగా అంటుందో అంత మామూలుగా అంది.

ఇంక నన్ను నేను ఆపుకోలేదు. బల్ల మీద చెయ్యి కొట్టి లేచాను. "వినండి. ఉద్యోగం లేదు. ఎవులికీ లేదు. నాను ఇక్కడికొచ్చిన కాణ్ణించి ఒక్కరికీ రాలేదు. గేములెలగ సేస్తారో నేర్పాను, అది నిజం. ఉద్యోగమన్నది కాదు. కాదు, కాదు, కాదు!" ఏడుగురూ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అప్ప కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని కూర్చుంది. మూలలోంచి గొంతు వచ్చింది, "మేడమ్ గారూ, ఒకసారి ఆగండమ్మా." కెమెరా వైపు తిరిగి, "నాను ఆగను. మీరే రండి" అన్నాను.

పావుగంటలో స్కూటరేసుకుని వచ్చేశారు. కేబిన్‌లోకి వెళ్ళాను, కూర్చోలేదు. నన్ను తిడతారనుకున్నాను, బెదిరిస్తారనుకున్నాను. "నా కాగితాలిస్తారా, ఇవ్వరా? అవునా, కాదా?" అన్నాను. ఆయన మొహంలో నవ్వు లేదు, మొదటిసారి. లేచి బీరువా దగ్గరకెళ్ళి హ్యాండిల్ తిప్పారు. తెరుచుకుంది. తాళం లేదు దానికి. ఎప్పుడూ లేదు. పైఅరలోనే ఉంది నా ఫైలు. బల్ల మీద పడేసి, "పట్టుకుపోండి. రేపట్నుంచి ఈ మెట్లు ఎక్కొద్దు" అన్నారు.

అంతే. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. రెండేళ్ళకి పైగా ఆ బీరువా పక్కనే నిలబడి చూద్దామమ్మా విన్నాను. బుధవారం నాడు అప్పకి ఒక్క ముక్క చెప్పి ఉంటే బుధవారం నాడే నన్ను ఇలాగే బయటికి గెంటేవారు, ఫైలు చేతిలో పెట్టి. నేను దేనికి భయపడ్డానో అదే నా విడుదల. ఆ భయంతో అప్ప ఉద్యోగం పోగొట్టాను. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది, నా మీద నాకే.

ఫైలు చంకలో పెట్టుకుని కిందకి దిగితే టైర్ల కొట్టు ముందు అప్ప నిలబడి ఉంది. "పద అప్పా, మీ కంపెనీకి పోదాం. నాను మాట్లాడతాను" అన్నాను. ఆటో ఆయన తన ఆటోలోనే ఎక్కించుకున్నాడు. ఆటోనగర్‌లో ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగాం. పక్కన గోడనానుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది, టిఫిన్ క్యారేజీ పట్టుకుని. అప్ప ఆ పిల్లని చూసి తల దించుకుంది. వాచ్‌మన్ లోపలికి కబురు పంపాడు. చాలాసేపటికి సూపర్వైజరు బయటికొచ్చాడు. తప్పు నాదని, ఆవిడకి నేనే తప్పుగా చెప్పానని, సంతకం వెనక్కి తీసుకోమని బతిమాలాను. ఎవరినీ అలా బతిమాలలేదు నా జన్మలో. అతను తల గోక్కున్నాడు, మంచివాడే. అప్ప మొహం చూడలేక గేటు వైపు చూస్తూ అన్నాడు.

"సూద్దామమ్మా. రెండ్రోజులాగి రండి."

నేను ఇంకా ఏదో అనబోయాను. అప్ప నా చెయ్యి పట్టుకుంది. "పదండి మేడం. లేదని సెప్పీసినాడు" అంది.

శనివారం నేను తగరపువలస వెళ్ళి ఒరిజినల్స్ చూపించాను. ఒక్కో కాగితం తిప్పి చూసి సరే అన్నారు. సంతోషం వెయ్యలేదు. బస్సు కిటికీ పక్కన కూర్చుని గాలి మొహానికి కొడుతుంటే, ఈ గాలి ఎవరిదో లాక్కున్నానని అనిపించింది. ఇప్పుడు ఆ బడిలోనే చేస్తున్నాను. పిల్లలకి ఇప్పటికీ మొదటి పాఠం ఆ గేటే. పిల్లలు నయం, పాస్ లేకపోతే "పొమ్మనండి టీచర్" అని టక్కున అంటారు. పెద్దయ్యాకే పాడైపోతాం.

అప్పకి ఫోన్ చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని చెయ్యను? మొన్న ఆవిడే చేసింది. మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉన్నాను. బాగున్నారా మేడం అని అడిగింది, మా ఆయన్ని కూడా అడిగింది. తను రొయ్యల కంపెనీలో చేరిందట. ఐసు నీళ్ళలో నిలబడి రొయ్యల తలలు తియ్యడం. చేతులు తిమ్మిరెక్కిపోతున్నాయంది. అక్కడ కూడా పచ్చ డబ్బా ఎర్ర డబ్బా ఉన్నాయి మేడం అని నవ్వింది. తర్వాత అసలు మాటకొచ్చింది.

"మేడం, మీ బళ్ళో ఏటైనా పనుంటాదా? ఆయా పనైనా సరే. కుర్చీ లేకపోయినా పరవాలేదు."

అంతకు ముందు వారమే అప్ప కోసం ఆ మాట మా హెడ్మాస్టారుని అడిగాను నేను. ఖాళీ లేదన్నారు, ఈ ఏడాది ఎవరినీ తీసుకోం అన్నారు. అది ఆవిడకి ఎలా చెప్పను? సూద్దాం అప్పా అని వచ్చేసింది నోటి దాకా. ఎంత తేలికైన మాటో అది, ఎంత మెత్తటి మాటో. పళ్ళ బిగువున ఆపాను.

"లేదప్పా" అన్నాను. "అడిగాను. లేదన్నారు."

 వెనకాల నీళ్ళ చప్పుడు, ఎవరో ఎవరినో కేకేస్తున్నారు.

"సరే మేడం. సెప్పీసినారు, మంచిపని సేసినారు. ఇంకో దారి సూసుకుంటాను" అంది. అని పెట్టేసింది.

బెల్లు కొట్టారు. పిల్లలు క్లాసుకి పరిగెడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నేను ఫోన్ చేత్తో పట్టుకుని కుర్చీలోనే కూర్చుని ఉన్నాను.